ఇంటి ముందు పార్కింగ్ స్థలంలో కలుపు మొలవకుండా నేల వేయించుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

మా ఇంటి ముందు కారు నిలిపే స్థలంలో 2021 వేసవిలో కడప బండలు వేయించుకున్నాము. నేలను పైపైన చెక్కి, ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద రెండు అంగుళాల ఇసుక పోసి బండలు పేర్చారు. “కింద పట్టా ఉంది గదన్నా, ఇంక గడ్డి ఎట్టా వస్తుంది” అని పనిచేసినతను భరోసా ఇచ్చాడు. ఆ నవంబరులో కురిసిన భారీ వానలకు అంచుల వెంట ఇసుక కొట్టుకుపోయింది, బండలు కుంగాయి, వాన వెలిసిన పది రోజులకు సందు సందునా తుంగ లేచింది. ఒక బండను గడ్డపారతో ఎత్తి చూశాను. పట్టాకు దబ్బనంతో పొడిచినట్లు చిల్లులు పడి ఉన్నాయి. ఒక్కొక్క చిల్లులోంచి ఒక్కొక్క మొలక వచ్చింది. దాని కొన సూదిలా గట్టిగా ఉంది, ఒళ్లంతా వెలుతురు లేక పాలిపోయి ఉంది. అది బండ అడుగున జానెడు దూరం పాకి, సందు తగిలిన చోట పైకి తిరిగి పచ్చబడింది.

ఆ పని మొత్తం ఊడదీసి, అడుగు నుంచి మళ్లీ చేయించుకున్నాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. పైన ఏ రాయి వేయాలనే ప్రశ్న చివరిది. కింద నేలను ఎంత శుభ్రం చేశాము, ఎంత గట్టిపరిచాము, నీటికి ఏ దారి చూపాము, అంచులు ఎలా కట్టాము అన్న వాటి మీదనే కలుపు రావడం, రాకపోవడం ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసంలో కింది పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కలుపు ఏ దారిన వస్తుంది

కలుపు రెండు దారుల్లో వస్తుంది, రెండింటికీ విరుగుడు వేరు. మొదటిది కింది దారి. తుంగ, గరిక, నరికినా మళ్లీ చిగిర్చే సర్కారు తుమ్మ మొదళ్లు నేలలో ముందే ఉండి పైకి వస్తాయి. వీటిలో తుంగ అన్నిటికన్నా మొండిది. దాని గడ్డలు గొలుసులా ఒకదానికొకటి అల్లుకుని, ఎక్కువ భాగం పైన ఉన్న అర అడుగు మట్టిలోనే ఉంటాయి, కొన్ని అడుగు లోతు వరకు దిగుతాయి. పైన ఆకు పీకితే గడ్డ మళ్లీ మొలక వేస్తుంది. రెండవది పై దారి. గాలికీ, వాననీటికీ, పిట్టల రెట్టలకూ, కారు టైర్లకు అంటిన బురదకూ విత్తనాలు వచ్చి, సందుల్లో పేరుకున్న దుమ్ములో పడి మొలుస్తాయి. వయ్యారిభామ, పల్లేరు, గలిజేరు, పాయలాకు, ఉత్తరేణి ఇలా వచ్చేవే. గోడ పగుళ్లలో లేచే రావి మొక్క కూడా ఇలాగే వస్తుంది. కింద ఎంత మంచి గుడ్డ పరిచినా ఈ రెండో దారిని అది ఆపలేదు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే, ఏడాది తిరిగాక సందులో రెండు మొక్కలు కనిపించినప్పుడు చేసిన పని మొత్తం వృథా అయిందని బాధపడనక్కరలేదు.

ఏ నెలలో మొదలుపెట్టాలి

మనకు పెద్ద వానలు నైరుతిలో కాక ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. నెల్లూరు జిల్లాలో ఏడాది వర్షంలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వకం మొదలుపెట్టి, ఏప్రిల్, మే నెలల ఎండను కలుపు చంపడానికి వాడుకుని, జూన్ నుంచి ఆగస్టు లోపల పై పరుపు పూర్తిచేయడం మంచి క్రమం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ ఎండ తుంగ గడ్డకు ఏ మందూ చేయనంత చేటు చేస్తుంది. చిత్త, స్వాతి కార్తెలు వచ్చేసరికి సందుల్లో ఇసుక కుదురుకుని ఉండాలి. సెప్టెంబరు చివర హడావుడిగా మొదలుపెట్టే పని వానకు చిక్కుతుంది.

కొలతలు, వాటం

ఉదాహరణకు 18 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల స్థలాన్ని తీసుకుందాము. అది 360 చదరపు అడుగులు, ఒంగోలు వైపు లెక్కలో 40 గజాలు, 72 చదరపు అడుగుల నెల్లూరు అంకణం ప్రకారం సరిగ్గా 5 అంకణాలు. ఒక కారు, రెండు మోటారు సైకిళ్లు హాయిగా నిలుస్తాయి.

తవ్వే ముందు మంచినీటి పైపు, మురుగు పైపు, సెప్టిక్ ట్యాంకు మూత, ఎర్తింగ్ గుంత ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. ఎర్తింగ్ గుంతను ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. భవిష్యత్తులో వైరో, పైపో వేయవలసి వస్తే నేల పగలగొట్టకుండా, అడ్డంగా ఒక 4 అంగుళాల పీవీసీ గొట్టాన్ని ఇప్పుడే కింద వేసి రెండు చివరలా మూతలు బిగించి ఉంచడం తక్కువ ఖర్చుతో అయ్యే గొప్ప మేలు.

వాటం, అంటే నీరు జారిపోయే వాలు, ఇంటి గోడ నుంచి గేటు వైపు అడుగుకు పావు అంగుళం ఉండాలి. 20 అడుగులకు అది 5 అంగుళాలు. రెండు చివరలా మేకులు దిగ్గొట్టి, లెవల్ ట్యూబుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) సమమట్టం గుర్తించి, గేటు వైపు మేకు మీద 5 అంగుళాలు కిందికి దించి దారం కట్టాలి. ఇంటి గోడ దగ్గర పూర్తయిన నేల ఇంటి బేస్‌మట్టం కంటే కనీసం అర అడుగు కిందనే ఉండాలి, లేకుంటే గోడకు చెమ్మ ఎక్కుతుంది. మన పట్టణాల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరుగుతుంది కనుక, గేటు లోపలి వైపు జాలీ మూతతో చిన్న కాలువ కట్టి, ఆ నీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం అవసరం. నీరు నిలిచిన చోట ఒండ్రు పేరుకుంటుంది, ఒండ్రు పేరుకున్న చోట విత్తనం నిలుస్తుంది. వాటం సరిగా కుదిరితే కలుపు పని సగం తీరినట్లే.

తవ్వకం, గడ్డల ఏరివేత

పూర్తి మట్టం నుంచి 10 అంగుళాలు కిందికి తవ్వాలి. ఇందులో 6 అంగుళాలు పునాదికి, ఒకటింబావు అంగుళం ఇసుకకు, మిగిలినది రాయికి సరిపోతుంది. 360 చదరపు అడుగులకు 300 ఘనపుటడుగుల మట్టి తీయవలసి వస్తుంది. ఈ మట్టిని తోటలోకి ఎత్తి పోసుకోకండి. అందులో ఉన్నదంతా తుంగ గడ్డలే, తర్వాత ఏళ్ల తరబడి తోటలో ఏరుకోవలసి వస్తుంది.

జేసీబీ ఒక పూటలో తవ్వి పోతుంది. అసలు పని ఆ తర్వాతది. గుంత అడుగును గునపంతో నాలుగు అంగుళాలు కుళ్లగించి, మట్టి పెళ్లలు చిదిపి, చేతితో గడ్డలు ఏరాలి. తుంగ గడ్డ ఉసిరి గింజంత ఉంటుంది, పైన నల్లటి పీచు పొర, గిల్లితే లోపల తెల్లగా ఉండి కర్పూరం లాంటి ఘాటు వాసన వస్తుంది. ఒకటి దొరికితే అక్కడే దారం లాంటి వేరును పట్టుకుని పోతే పక్కదీ, దాని పక్కదీ దొరుకుతాయి. తెంపకుండా వెళ్లడం ఓపికతో కూడిన పని. మా ఇంట్లో ముగ్గురం రెండు రోజులు కూర్చుని రెండు బకెట్ల గడ్డలు ఏరాము. ఏరిన గడ్డలను గచ్చు మీద పల్చగా పరిచి రెండు వారాలు మండే ఎండలో ఉంచితే ఎండి చస్తాయి. పచ్చిగా కుప్ప పోస్తే చావవు. సర్కారు తుమ్మ మొదలుంటే పైన నరికి వదలకుండా అడుగు లోతుకు పైగా తవ్వి, చిగురు వేసే బుడిపెను పూర్తిగా తీయాలి.

ఏరిన తర్వాత నేలను తడిపి, పారదర్శకమైన పాలిథీన్ షీటు పరిచి, అంచులు మట్టితో కప్పి 4 నుంచి 6 వారాలు ఎండలో వదిలేస్తే పై రెండంగుళాల్లోని విత్తనాలు ఉడికి చచ్చిపోతాయి. నల్ల షీటు కంటే పారదర్శక షీటు కిందనే నేల ఎక్కువ వేడెక్కుతుంది. లోతు గడ్డలను ఇది చంపలేదు, అయితే మిగిలిన గడ్డలు ఆ తేమకు మొలకెత్తి ఎక్కడెక్కడ ఉన్నాయో చూపిస్తాయి. షీటు తీసి వాటినీ ఏరివేయండి.

కలుపు మందు సంగతి అడుగుతారు కనుక చెబుతున్నాను. తుంగ గడ్డ దాకా దిగే గుణం గ్లైఫోసేటుకు ఉంది, అదీ మొక్క పచ్చగా పెరుగుతున్నప్పుడే. అయితే దానిని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా మాత్రమే వాడాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందు ఆకును మాడ్చుతుందే కాని గడ్డను తాకదు. పైగా అది ఒంట్లోకి పోతే విరుగుడు మందు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ సీసా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఉప్పు చల్లే అలవాటు ఇంకా కొందరికి ఉంది. ఉప్పు కలుపును కొన్నాళ్లు ఆపినా పక్కనున్న కొబ్బరినీ, నిమ్మనూ దెబ్బతీస్తుంది, కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది, బోరు నీటిలోకీ దిగుతుంది.

నేలను బట్టి పునాది

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎర్ర గరప నేల అయితే అదృష్టం. 6 అంగుళాల పునాది చాలు. కావలి, అల్లూరు తీర ప్రాంతపు ఇసుక నేలలో నీరు ఇంకడం బాగుంటుంది, కాని అంచులు కట్టకపోతే ఇసుక జారిపోతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్న చోట చాలా జాగ్రత్త అవసరం. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే ఆ నేల మీద నేరుగా ఏది వేసినా ఎగుడుదిగుడవుతుంది, సందులు తెరుచుకుంటాయి, తెరుచుకున్న సందులో కలుపు స్థిరపడుతుంది. అక్కడ ఇంకో 6 అంగుళాలు లోతుగా తవ్వి, ఆ మేరకు ఎర్ర గ్రావెల్ నింపి గట్టిపరచిన తర్వాతనే పునాదికి రావాలి.

తవ్విన అడుగును దిమ్మిసతో గట్టిపరిచి, దాని మీద నేసిన రకం కాకుండా ఉన్ని కంబళిలా ఒత్తి చేసిన రకం జియో టెక్స్‌టైల్ గుడ్డను, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల బరువున్నదానిని పరచాలి. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ అడుగు మేర ఎక్కాలి, గోడల దగ్గర నాలుగు అంగుళాలు పైకి మడవాలి. ఈ గుడ్డ నీటిని వదులుతుంది, మట్టిని పైకి రానివ్వదు, కంకరను మట్టిలోకి దిగనివ్వదు. ప్లాస్టిక్ పట్టా నీటిని పైనే పట్టి ఉంచుతుంది, ఆ చెమ్మకు పైన పడిన విత్తనాలు సుఖంగా మొలుస్తాయి. తుంగ దాన్ని ఎలా పొడుస్తుందో మొదటే చెప్పాను. గుడ్డను కూడా తుంగ మొలక ఒక్కోసారి చీల్చుకు రాగలదు, అందుకే ఏరివేతకు ఏ గుడ్డా ప్రత్యామ్నాయం కాదు.

గుడ్డ మీద 40 మి.మీ. కంకర, 20 మి.మీ. కంకర, క్రషర్ డస్ట్ (రాతిపొడి) కలిపిన మిశ్రమాన్ని, లేదా క్రషర్ వాళ్లే కలిపి ఇచ్చే వెట్ మిక్స్‌ను వేయాలి. 6 అంగుళాల గట్టి పునాదికి 180 ఘనపుటడుగులు కావాలి. దిమ్మిసకు అణిగిపోతుంది కనుక వదులుగా సుమారు 230 ఘనపుటడుగులు తోలించుకోవాలి. ట్రాక్టరు ట్రక్కులు అన్నీ ఒకే కొలతలో ఉండవు, పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి లెక్క వేసుకోండి. మొత్తం ఒక్కసారిగా పోయకుండా మూడేసి అంగుళాల చొప్పున రెండు వరుసలుగా వేసి, ప్రతి వరుసనూ తడిపి ప్లేట్ కంపాక్టరుతో (అదురుతూ నేలను అణిచే యంత్రంతో) గట్టిపరచాలి. తడి ఎంత ఉండాలో చేతికే తెలుస్తుంది: పిడికెడు మిశ్రమం పట్టి పిసికితే ముద్ద కావాలి, బొటనవేలితో నొక్కితే రెండు ముక్కలుగా విరగాలి. నీరు కారితే ఎక్కువైంది, పొడిగా రాలితే చాలలేదు. గట్టిపడే కొద్దీ యంత్రం చప్పుడు మెత్తటి దబదబ నుంచి ఖంగుమనే శబ్దంలోకి మారుతుంది. చివరికి కారును ఎక్కించి చూడండి, టైరు అచ్చు పడకూడదు. వాటం ఈ దశలోనే వచ్చేయాలి, పైన ఇసుక మందంతో సరిదిద్దడానికి చూస్తే ఆ చోటే మొదట కుంగుతుంది.

అంచులు

పైన పేవర్లు (అచ్చు పోసిన కాంక్రీటు బ్లాకులు) వేసినా, చిప్స్ (చిన్న రాతి ముక్కలు) పోసినా ముందు అంచులు కట్టాలి. ఇది తరచూ వదిలేసే పని, మా 2021 నష్టానికి అసలు కారణం కూడా ఇదే. కెర్బ్ రాళ్లను, అంటే అంచు వెంట నిలిపే రాళ్లను, కాంక్రీటు పడక మీద నిలిపి, వెనుక వైపు కాంక్రీటుతో ఆసరా ఇవ్వాలి. చీమకుర్తి దగ్గరగా ఉన్నవారికి క్వారీల్లో మిగిలే గ్రానైటు పట్టీలు చవకగా దొరికే వీలుంది, అవి అంచులకు చక్కగా ఒదుగుతాయి. కెర్బ్ రాయి నేలలోకి కనీసం అర అడుగు దిగితే పక్క మడిలోని గరిక చాలావరకు అక్కడే ఆగుతుంది. చెట్టు మొదలు చుట్టూ మూడడుగుల వలయం మట్టిగానే వదిలి, దానికీ ఇలాగే అంచు కట్టండి. చెట్టుకు గాలీ నీరూ అందాలి.

పై పరుపు: పేవర్ బ్లాకులు

నా ఓటు పేవర్లకే. నీటిని కొంత ఇంకనిస్తాయి, కుంగిన చోట నాలుగు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. కార్లకు 60 మి.మీ. మందం, ఎం-35 గ్రేడు కాంక్రీటు బలం ఉన్నవి తీసుకోవాలి. నీళ్ల ట్యాంకరో, ఇసుక లారీయో లోపలికి వచ్చే ఇల్లయితే 80 మి.మీ. మందం మేలు. 200 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు గల బ్లాకులు చదరపు మీటరుకు 50 పడతాయి. మన ఉదాహరణకు 1,672 కావాలి, కోతలకూ పగుళ్లకూ ఐదు శాతం కలిపి 1,755 చెప్పండి. బ్లాకును చేతిలోకి తీసుకుని రెండోదానితో తట్టితే ఖంగుమనాలి, అంచులు గోటికి రాలకూడదు.

గట్టి పునాది మీద ఒకటింబావు అంగుళం మందాన ముతక ఇసుక, పెన్న ఇసుక అయితే మరీ మంచిది, రెండు పైపులు పట్టాలుగా పెట్టి బద్దతో సమంగా లాగాలి. లాగిన తర్వాత దాని మీద ఎవరూ నడవకూడదు, ముందుగా అణచకూడదు. సముద్రపు ఇసుక వద్దు. అది సన్నగా ఉండి కదిలిపోతుంది, అందులోని ఉప్పు బ్లాకుల మీద తెల్లగా పూస్తుంది. బ్లాకులను జడ అల్లిక వరుసలో పేరిస్తే బండి చక్రం తిరిగినా కదలవు. సందు 3 మి.మీ. దగ్గర ఉండాలి. అంచుల్లో మిగిలిన ఖాళీలను కట్టరుతో కోసిన ముక్కలతోనే నింపాలి, సిమెంటు మాలుతో మెత్తితే ఆ మాలు పగిలి మొదటి కలుపు అక్కడే వస్తుంది. తర్వాత ప్లేట్ కంపాక్టరు ఒకసారి తిప్పి, ఎండిన సన్న ఇసుక చల్లి, చీపురుతో సందుల్లోకి ఊడ్చి, మళ్లీ యంత్రం తిప్పాలి. ఇసుక ఇక దిగనంత వరకు, అంటే కనీసం మూడు సార్లు ఇలా చేయాలి. నిండిన సందులో విత్తనానికి చోటు ఉండదు. సగం నిండిన సందు పూలకుండీ లాంటిది. ఇసుకలో సిమెంటు కలిపి పోయమని కొందరు సలహా ఇస్తారు. బ్లాకులు బరువుకు స్వల్పంగా కదులుతాయి కనుక ఆ గట్టి పూత ముక్కలై ఊడి, ఖాళీ సందు మిగులుతుంది. ఖర్చుకు వెనుకాడనివారు నీటికి గట్టిపడే పాలిమర్ ఇసుక వాడవచ్చు.

పై పరుపు: కాంక్రీటు

కింద నుంచి వచ్చే కలుపును పూర్తిగా మూసేది కాంక్రీటే, కానీ నీరు ఇంకదు, పగిలితే అతుకు కనిపిస్తుంది. 4 అంగుళాల మందాన సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో వేస్తే మన స్థలానికి 120 ఘనపుటడుగుల కాంక్రీటు, సుమారు 27 బస్తాల సిమెంటు అవుతాయి. 8 మి.మీ. కడ్డీలను 8 అంగుళాల దూరంలో అల్లి, కవర్ బ్లాకుల (కడ్డీల కింద పెట్టే చిన్న దిమ్మల) మీద నిలపాలి. వేసిన మర్నాటి లోపల స్థలాన్ని నిడివిలో ఒకటి, అడ్డంగా ఒకటి అంగుళం లోతు గీతలు కోసి 9 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల నాలుగు గళ్లుగా విభజించాలి. పగులు ఎలాగూ వస్తుంది, అది మనం గీసిన చోట రావాలి. ఆ గీతలను సీలెంటుతో (సందులు మూసే సాగే పదార్థంతో) నింపాలి. మన వేసవిలో కనీసం పది రోజులు మళ్లు కట్టి తడపాలి, కారును 28 రోజులు ఆపాలి.

ఇంటి గోడకూ, ప్రహరీకీ కాంక్రీటు తగిలించకుండా అర అంగుళం థర్మోకోల్ పెట్టి పోసి, తర్వాత పై అంగుళం తీసి సీలెంటు లేదా తారు నింపాలి. ఈ గోడ పక్క సందును వదిలేస్తే అక్కడే వయ్యారిభామ లేస్తుంది, రావి మొక్క లేస్తే గోడకే ముప్పు.

చిప్స్, బండలు

తక్కువ ఖర్చులో కావాలంటే గట్టి పునాది మీద ఇంకో గుడ్డ పరిచి, 12 నుంచి 20 మి.మీ. గ్రానైటు చిప్స్ రెండంగుళాలు, అంటే 60 ఘనపుటడుగులు పోయవచ్చు. కోణాలున్న చిప్స్ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని నిలుస్తాయి, గుండ్రటి గులకరాళ్లు టైరు కింద దొర్లిపోతాయి. కొన్నేళ్లకు దుమ్ము నిండి మొక్కలు వస్తాయి కనుక పెద్ద వేపచెట్టు కింద ఇది వద్దు. కడప బండలు ఇసుక మీద కాకుండా కాంక్రీటు పడక మీద, మాలుతో, సందులు నింపి వేస్తేనే కారు బరువుకు నిలుస్తాయి.

తర్వాత చూసుకోవలసినవి

పని పూర్తయ్యాక మొదటి వాన పడుతుండగా గొడుగు పట్టుకుని బయటకు వెళ్లి నీటి నడకను చూడండి. వాన ఆగిన అరగంటకూ నిలిచి ఉన్న మడుగుల చుట్టూ సుద్దతో గీత గీసి, ఎండిన తర్వాత ఆ చోట బ్లాకులు ఎత్తి ఇసుక సరిచేయండి. వారానికి ఒకసారి గట్టి చీపురుతో సందుల వెంట ఊడవడం అన్ని మందులకన్నా ఎక్కువ పని చేస్తుంది. కడగడానికి ప్రెషర్ పంపు వాడితే సందు ఇసుక లేచిపోతుంది, వాడినా ఏటవాలుగా పట్టి, ఆరిన తర్వాత ఇసుక మళ్లీ నింపాలి. అక్టోబరుకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి సందులు పరీక్షించి, తగ్గిన ఇసుకను ఊడ్చి నింపండి. మొక్క రెండాకుల దశలో ఉన్నప్పుడు వాన తడి ఆరకముందే పీకితే వేరుతో సహా వస్తుంది. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతికి గ్లౌజు వేసుకుని తీయండి, దాని వల్ల చర్మానికి ఎలర్జీ వస్తుంది. ఎక్కడైనా తుంగ కనిపిస్తే ఆకు పీకవద్దు. ఆ చోట రెండు బ్లాకులు ఎత్తి, ఇసుక తీసి, మొలక వెంట కిందికి వెళ్లి, గడ్డ చేతికి వచ్చాకే బ్లాకులు తిరిగి పెట్టండి.